తిత్తి కుట్టినోళ్ల సంగతేంది?

వృత్తి అనే మాటకు మన దేశంలో రెండు అర్థాలున్నాయి. డాక్టరు చేసేదీ వృత్తే, ఇంజనీరు చేసేదీ వృత్తే, మాదిగ చెప్పు కుట్టేదీ వృత్తే. కానీ మొదటి రెండిటికి ముందు ఏ మాటా ఉండదు. మూడోదానికి ముందు మాత్రం 'కుల' అని తగిలిస్తారు. వాళ్లది వృత్తి, మాది కులవృత్తి. వాళ్ల వృత్తికి సంఘం ఉంటుంది. ఆ సంఘానికి లెటర్‌హెడ్డు ఉంటుంది, జర్నల్ ఉంటుంది, ఏటేటా ఏసీ హాల్లో సదస్సు ఉంటుంది, మెళ్లో వేసుకోను పతకం ఉంటుంది. మా కులవృత్తికి ఊరవతల లంద ఉంటుంది. దాని వాసన పుట్టుకతో మాకు అంటుకుందని ఊరు చెబుతుంది.

గనుల ఇంజనీర్లు, లోహశాస్త్రం చదివినవాళ్లు కలిసి నడుపుకునే ఒక వృత్తి సంఘంలో నేను జీవిత సభ్యుణ్ని. దాని పేరు చెప్పను. చెబితే మీరు ఆ ఒక్కదాన్నే తిట్టి మిగిలినవాటిని వదిలేస్తారు. నా జగడం ఒక సంఘంతో కాదు. భూమి కింద ఉన్నదాన్ని బయటికి తీసే జ్ఞానం ఎవరిది, దాని మీద సంతకం ఎవరిది అన్నదే నా జగడం.

మాది నెల్లూరు సీమ. గూడూరు పక్క మైకా నేల. సైదాపురం, కలిచేడు, రాపూరు అంటే మీకు నిమ్మకాయలు గుర్తొస్తాయేమో, మాకు మైకా గుంతలు గుర్తొస్తాయి. అభ్రకం అని పుస్తకాల్లో రాస్తారు, ఊళ్లో పిలగాళ్లు కాకిబంగారం అంటారు. ఎండలో తళతళ మెరుస్తుంది. మెరిసేదంతా దొరలది, ఆ మెరుపు వెనక ఉండే దుమ్ము మాది. గనిలోకి దిగింది మాదిగలు, మాలలు, యానాదులు. గని మీద కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్ల ఇంటిపేర్లు నేను చెప్పక్కర్లేదు, మీరు చెప్పగలరు.

మైకా భూమిలో దొరికేటప్పుడు దిమ్మలుగా దొరుకుతుంది. పొర మీద పొర, పొర మీద పొర. అందుకని ఆ దిమ్మను ఇంగ్లీషులో 'బుక్' అంటారు. ఈ సంగతి నాకు మైనింగ్ డిప్లొమాలో చేరిన తర్వాత తెలిసింది. తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మ అక్షరం ముక్క రాకుండా ఇరవై ఏళ్లు పుస్తకాల పొరలు ఒలిచింది! షెడ్డులో బాసింపట్టు వేసుకుని, కత్తి మొన పొర సందున పెట్టి, కాగితం కన్నా పల్చగా విడదీసేది. వేలితో తడిమి మందం చెప్పేది. వెలుగుకు ఎత్తి పట్టుకుని "ఇది మచ్చది, ఇది సొచ్చమైంది" అని రెండు కుప్పలు చేసేది. ఆ పొరలు సముద్రాలు దాటి రేడియోల్లోకి, మోటార్లలోకి, విమానాల ఇంజన్లలోకి పోయినాయి. మా ఇంట్లో రేడియో లేదు.

మా నాయన గనిలో డ్రిల్లు పట్టేవాడు. మైకా ఒంటరిగా ఉండదు. పలుగురాయి, చౌడురాయి లాంటి గట్టి రాళ్ల మధ్యన దాక్కుని ఉంటుంది. రాయిని పగలగొడితేనే మైకా చేతికొస్తుంది. అయితే మందు ఎక్కువ పెడితే పుస్తకం చిరిగిపోతుంది, చిరిగితే తుక్కు కింద లెక్క. ఎక్కడ బెజ్జం వెయ్యాలి, ఎంత లోతు వెయ్యాలి, ఎన్ని గుళికలు పెట్టాలి అన్నది మా నాయనకు తెలుసు. గడ్డపారతో పైరాతిని తట్టి చెవి పెట్టి వినేవాడు. గట్టిరాయి గంట మోగినట్టు మోగుతుంది, లోపల విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. "రాయి మాట్టాడతాదిరా, ఇనేవోడు ఉండాల" అనేవాడు. డిప్లొమాలో పైకప్పు పరీక్ష మీద పాఠం ఉంది. అందులో ఉన్నదంతా మా నాయన మాటే. కాకపోతే ఆ పాఠం కింద ఎవరిదో పేరుంది.

మా నాయనకు దగ్గు పట్టుకుంది. మొదట పొద్దున పూట, తర్వాత రాత్రంతా. మెట్టు ఎక్కితే ఆయాసం. యజమాని పంపిన డాక్టరు టీబీ అన్నాడు. మా పల్లెలో దగ్గినవాళ్లందరికీ అదే పేరు పెట్టాడు. పలుగురాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది. దుమ్ము పట్టిన ఊపిరితిత్తికి టీబీ కూడా తొందరగా అంటుకుంటుంది. 1952 గనుల చట్టం కొన్ని జబ్బులను గని జబ్బులుగా ప్రకటించే వీలు పెట్టింది. సిలికోసిస్ అందులో ఉంది. ఆ జబ్బు చూసిన డాక్టరు గనుల ముఖ్య ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలని కూడా ఆ చట్టమే చెప్పింది. టీబీ అని రాస్తే అది రోగి ఖర్మ, బీదతనం, బీడీలు. సిలికోసిస్ అని రాస్తే అది గని బాధ్యత. ఒక్క మాట తేడాతో పరిహారం పోతుంది, బాధ్యత పోతుంది, లెక్క పోతుంది. 1989లో మా నాయన పోయినాడు. కాగితం మీద ఆయన గని వల్ల చావలేదు. మా వాడలో ఎవరూ గని వల్ల చావలేదు.

ఇక్కడ బాబాసాహెబ్ సంగతి చెప్పాలి. ఆయన్ని రాజ్యాంగం రాసినాయనగా విగ్రహం చేసి చౌరస్తాలో నిలబెట్టారు. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసినాయన. 1943 డిసెంబర్‌లో ధన్‌బాద్ బొగ్గు గనుల దగ్గరికి పోయి, లోపలికి దిగి, పనివాళ్లు ఎట్టా పనిచేస్తున్నారో, ఏ గుడిసెల్లో ఉంటున్నారో కళ్లారా చూశాడు. 1944 జనవరిలో బొగ్గు కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది. 1946లో మైకా గనుల కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. మైకా మీద పన్ను వేసి, ఆ డబ్బు పనివాళ్ల వైద్యానికి, నీళ్లకు, చదువుకు పెట్టాలన్నది దాని సారం. మా కలిచేడు ఆసుపత్రి ఆ దారిలో వచ్చిందే. అంటరానివాడని బడిలో నీళ్లు పోయని మనిషి గనిలోకి దిగి చూసి చట్టం చేయించాడు. గనుల శాస్త్రాన్ని గుత్తకు తీసుకున్న పెద్దమనుషుల సభల్లో ఈ ముక్క ఎప్పుడన్నా విన్నారా? ఇరవై అయిదేళ్లుగా పోతున్నా, నేను వినలేదు.

1986లో డిప్లొమా అయింది. సున్నపురాయి గనిలో పనికి కుదిరినాను. మేటు పని, ఫోర్‌మన్ పని, ఒక్కొక్క మెట్టే. పగలంతా బెంచి మీద ఎండలో, రాత్రంతా పుస్తకం ముందు. 1995లో ధన్‌బాద్ వాళ్ల పరీక్ష రాసి సెకండ్ క్లాస్ మేనేజరు సర్టిఫికెట్టు తెచ్చుకున్నాను. గనిలో ఏం జరిగినా చట్టం ముందు జవాబు చెప్పుకునే బాధ్యత అది. అంతటి బాధ్యత ఇవ్వడానికి ప్రభుత్వం నన్ను కులం అడగలేదు. ప్రశ్నలు అడిగింది, జవాబులు చూసింది.

వృత్తి సంఘం మాత్రం సంతకాలు అడిగింది. సభ్యత్వ ఫారంలో ఇద్దరు పాత సభ్యులు 'ఈ వ్యక్తి మాకు తెలుసు, తగినవాడు' అని సంతకం పెట్టాలి. ఫారం పట్టుకుని ఒక పెద్దసారు దగ్గరికి పోయినాను. మంచిగానే కూర్చోమన్నాడు. "ఏ ఊరు?" అన్నాడు. చెప్పినాను. "ఊళ్లో ఎక్కడ?" అన్నాడు. చెప్పినాను. "ఎవరి తాలూకు?" అన్నాడు. మేం ఎవరి తాలూకూ కాదు. "ఇంటిపేరు?" అన్నాడు. అదీ చెప్పినాను. నా సర్టిఫికెట్టు ఆయన ముందే ఉంది, ఒక్కసారి కూడా దాని మీద చూపు పడలేదు. "చూద్దాంలే, ఉండనీ" అన్నాడు. ఆ ఫారం ఆయన సొరుగులో ఎనిమిది నెలలు ఉంది. ఇంకో ఫారం తెచ్చుకున్నాను. రిటైరైన ఒక ముస్లిం సర్వేయర్ సారు సర్టిఫికెట్టు చూసి, వెంటనే సంతకం పెట్టి, రెండో సంతకం ఆయనే పెట్టించి ఇచ్చినాడు. "నాక్కూడా రెండేళ్లు పట్టింది బాబూ" అన్నాడు నవ్వి.

ఫారంలో కులం కాలమ్ లేదు. అక్కడే ఉంది మోసం. కాలమ్ లేకపోతే కులం లేదని వాళ్లంటారు. రెండు సంతకాలే కులం కాలమ్. ఎవరు ఎవరికి తెలుసు అన్నదే ఈ దేశంలో కులం. కలిసి తిన్నవాళ్లు, పిల్లనిచ్చి పుచ్చుకున్నవాళ్లు, ఒక హాస్టల్లో ఉన్నవాళ్లు ఒకళ్లకొకళ్లు తెలుసు. వాడలో పుట్టినవాడు ఎవరికి తెలుస్తాడు?

ఈ సంఘాలు ఎందుకు పుట్టినాయో కూడా మన విద్యార్థులు తెలుసుకోవాలి. ఇంగ్లండులో న్యూకాజిల్ ఊళ్లో 1852లో గనుల ఇంజనీర్ల సంస్థ ఒకటి పెట్టారు. దానికి కారణం పతకాలు కాదు. బొగ్గు గనుల్లో గాలి మండి జనం కుప్పలుగా చస్తుంటే, ఆ చావులు ఎట్టా ఆపాలి, గాలి ఎట్టా ఆడించాలి అని మాట్లాడుకోను పెట్టారు. అమెరికాలో 1871లో, లండన్‌లో 1892లో ఇట్టాంటి సంస్థలు వచ్చినాయి. మన దేశంలో 1906లో కలకత్తాలో గనులు, భూగర్భశాస్త్రాల సంస్థ వచ్చింది. లోహశాస్త్రం మాట దాని పేరులోకి తర్వాత చేరింది. 1946లో లోహాల సంస్థ, 1957లో మైనింగ్ ఇంజనీర్ల సంఘం వచ్చినాయి. మూలం చూస్తే మాత్రం ఈ ఇంటికి పునాది పనివాడి శవమే. ఆ పునాది మీద కూర్చుని, దుమ్ము గురించి మాట్లాడితే ఇది మా సబ్జెక్టు కాదంటే ఎట్టా?

జ్ఞానం ఎవరిది అన్న తగువు కూడా పాతదే. 1812లో ఇంగ్లండులోనే ఫెల్లింగ్ అనే గనిలో గాలి అంటుకుని 92 మంది చచ్చిపోయారు. మంట బయటి గాలికి అంటుకోకుండా ఉండే దీపం కావాల్సి వచ్చింది. 1815లో అట్టాంటి దీపాన్ని ఇద్దరు విడివిడిగా తయారుచేశారు. ఒకాయన హంఫ్రీ డేవీ, పెద్ద శాస్త్రవేత్త. రెండో ఆయన జార్జ్ స్టీఫెన్‌సన్, గని ఇంజన్ల దగ్గర పనివాడు. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా చదవను రాయను రానివాడు. డేవీకి రెండు వేల పౌన్లు ఇచ్చారు. స్టీఫెన్‌సన్‌ను దొంగ అన్నారు. చదువులేని గని పనివాడికి ఇంత బుర్ర ఎట్టా వస్తుంది, కాపీ కొట్టి ఉంటాడు అన్నారు. డేవీ చచ్చిపోయిన తర్వాత 1833లో పార్లమెంటు కమిటీ స్టీఫెన్‌సన్‌కూ సమాన హక్కు ఉందని తేల్చింది. తెల్లోళ్లలో తెల్లోడికే ఇంత జరిగింది. కులం లేని దేశంలో చేతులకు బుర్ర ఉంటుందని ఒప్పుకోను పద్దెనిమిదేళ్లు పట్టింది. ఇక్కడ ఎన్నేళ్లు పట్టాలి?

దక్షిణాఫ్రికా చూడండి. బంగారు గనుల్లో రాయి తవ్విందీ మోసిందీ నల్లవాళ్లు. కానీ పేలుడు మందు పెట్టే సర్టిఫికెట్టు వాళ్లకు రాకుండా 1911 గనుల చట్టం కింద అడ్డం పెట్టారు. 1926లో రంగు అడ్డుగోడ చట్టమని పేరుపడ్డ చట్టంతో ఆ గోడను ఇంకా గట్టి చేశారు. 1980ల చివర్లో గాని ఆ గోడ పడలేదు. అక్కడ గోడను చట్టంలో రాశారు, రాసింది కాబట్టి కొట్టేయగలిగారు. ఇక్కడ గోడను ఎక్కడా రాయలేదు. దాన్ని ఏ కోర్టులో కొట్టించాలి? కోలార్ బంగారు గనుల్లో దిగినవాళ్లలో ఎక్కువమంది దళితులే. మన చిత్తూరు వైపు నుంచి, తమిళ దేశం నుంచి పోయినవాళ్లు. మూడు వేల మీటర్లకు పైగా లోతుకు దిగి బంగారం తీశారు. 2001లో ఆ గనులు మూసేశారు. కోలార్ లోతు గురించి గొప్పగా చెప్పే ఇంజనీర్లను నేను చాలామందిని చూశాను. ఆ లోతుకు ఏ కులం దిగిందో చెప్పిన ఇంజనీరును చూడలేదు.

ఇప్పుడు ఆ సదస్సు సంగతి. ప్రారంభోపన్యాసం 'మన ప్రాచీన లోహవిద్య'. ఢిల్లీ ఇనుప స్తంభం చూపించారు, పదహారు వందల ఏళ్లయినా తుప్పు మింగెయ్యలేదన్నారు. మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి కూర్చునేవాళ్లన్నారు. 1819లో ఫారడే అంతటివాడు ఆ ఉక్కును పరీక్షించాడన్నారు. అన్నీ నిజాలే, గర్వపడాల్సినవే. చివర్లో ఆ సారు చేతులు జోడించి 'మన ఋషుల విజ్ఞానం' అన్నాడు. హాలంతా చప్పట్లు.

ఏ ఋషి ఇనుము కరిగించాడు? తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ ఇనుప చిట్టెం గుట్టలు కనపడతాయి. అవి యజ్ఞగుండాల బూడిద కాదు, కమ్మరి కొలుముల చిట్టెం. మూసలో ఇనుము పెట్టి, ఆకూ పుల్లా వేసి, మట్టితో మూతి మూసి, గంటల తరబడి బొగ్గు మంటలో ఉంచితే ఆ ఉక్కు వచ్చేది. అంత వేడి రావాలంటే గాలి కావాలి. గాలి కావాలంటే తిత్తి కావాలి. తిత్తి కావాలంటే తోలు కావాలి. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, లందలో సున్నం నీళ్లలో నానబెట్టి, వెంట్రుక తీసి, తంగేడు చెక్క రసంలో పదును చేస్తేనే తోలు మెత్తబడుతుంది, కుళ్లదు, మంట పక్కన పెట్టినా తొందరగా పగలదు. అది రసాయన శాస్త్రం కాదా? గాలి కారకుండా కుట్టడం ఇంజనీరింగ్ కాదా? కమ్మరిని కొంచెం వదిలేశారు, మాదిగను మొత్తం వదిలేశారు. మాదిగ కుట్టిన తిత్తి ఊపిరి పీల్చకపోతే ఒక్క ఉక్కు ముద్ద కూడా పుట్టేది కాదు.

నేను లేచి అదే అడిగినాను. "సార్, తిత్తి కుట్టినోళ్ల సంగతేంది?" అన్నాను. హాల్లో కొందరు నవ్వారు. అధ్యక్షుడు మైకు దగ్గరికి జరిగి "ఇది టెక్నికల్ సెషన్. సోషల్ విషయాలు టీ టైములో మాట్లాడుకుందాం" అన్నాడు. టీ టైములో నాతో ఎవరూ మాట్లాడలేదు. ఋషులు టెక్నికల్, మాదిగలు సోషల్! ఈ ఒక్క ముక్కలో ఆ సంఘం లోహశాస్త్రం మొత్తం తెలిసిపోయింది.

మైకా దెబ్బతిన్న తర్వాత మా నేలలో పలుగురాయికి గిరాకీ పెరిగింది. పలుగురాయి అంటే దాదాపు మొత్తం సిలికానే. మా నాయన ఊపిరితిత్తుల్లో దిగిన దుమ్మే మళ్లీ లేచింది. 2008లో మూడు క్వారీల్లో పదకొండు మంది డ్రిల్లర్లతో కూర్చుని మాట్లాడినాను. నీళ్లు పెట్టకుండా పొడిగా డ్రిల్లు వేస్తే దుమ్ము ఏ వైపు లేస్తుంది, గాలివాటం ఎట్టా ఉంటుంది, మొహానికి తుండుగుడ్డ కడితే ఎందుకు చాలదు, నీళ్ల పైపు ఇచ్చినా ఎందుకు వాడనివ్వరు, అడుగుల లెక్కన కూలి ఇస్తే మనిషి దుమ్ము తినడానికి ఎందుకు తెగిస్తాడు, ఇవన్నీ వాళ్లే చెప్పినారు. నేను కొలిచి, బొమ్మలు వేసి, పేపరు రాసి సంఘం జర్నల్‌కు పంపినాను. రెండు నెలలకు తిరిగొచ్చింది. 'సామాజిక అంశం, మా పరిధి కాదు' అని ఒక్క వాక్యం. అదే సంచికలో టన్నుకు పేలుడు మందు ఖర్చు ఎట్టా తగ్గించాలో ఒక పేపరు వచ్చింది. టన్నుకు రూపాయి మిగిలితే అది సాంకేతిక అంశం. మనిషికి ఊపిరి మిగిలితే అది సామాజిక అంశం. బెజ్జం ఒకటే, డ్రిల్లు ఒకటే, రాయి ఒకటే. బెజ్జంలో పడేది మందు అయితే శాస్త్రం, బెజ్జంలోంచి లేచేది దుమ్ము అయితే రాజకీయం!

దీనికి వాళ్ల జవాబులు నాకు తెలుసు. ఇది యూనియన్ కాదు, వృత్తి సంఘం అంటారు. సరే, న్యూకాజిల్ వాళ్లు పెట్టింది యూనియనా? గనిలో గాలి గురించి మాట్లాడింది యజమానులూ ఇంజనీర్లే గదా? ప్రాణం కాపాడటమే ఈ వృత్తికి మొదటి పాఠం అయినప్పుడు, ప్రాణం గురించి మాట్లాడేవాణ్ని యూనియనోడు అని తోసెయ్యడం వృత్తి ధర్మమా? గనుల రూల్సులో కార్మికుల తరఫున ఇన్‌స్పెక్టర్లు, గని సేఫ్టీ కమిటీలు పెట్టారు. పనివాడి కంటికి విలువ ఉందని రూల్సు పుస్తకం ఒప్పుకుంది. మీ జర్నల్ ఎందుకు ఒప్పుకోదు?

ప్రతిభ అంటారు. ప్రతిభకు కొలత ఏంది? కప్పు కూలకముందే శబ్దం విని పదిమందిని బయటికి లాగినవాడిది ప్రతిభ కాదు, ఆ కప్పు ఎందుకు కూలిందో తర్వాత వ్యాసం రాసినవాడిది ప్రతిభ. మా అమ్మ వేలికి తెలిసిన మందం ప్రతిభ కాదు, ఆ మందం కొలిచే పరికరం మీద రాసిన పేపరు ప్రతిభ. నేను చదువును తక్కువ చేయడం లేదు. చదువు లేకపోతే మా నాయన దగ్గుకు అసలు పేరేందో నాకు తెలిసేది కాదు. చేతికీ చదువుకీ మధ్య గోడ కట్టి, గోడకు ఆ వైపు ఉన్నదాన్నే శాస్త్రం అనే దగాను నేను ఎండగడుతున్నాను. ఆ గోడకు ఈ దేశంలో పాత పేరు వర్ణం. కొత్త పేరు ప్రొఫెషన్.

"నిన్ను రానిచ్చాం గదా" అని కూడా అంటారు. ఒకణ్ని రానివ్వడం గేటు తెరవడం కాదు. ఒకణ్ని లోపల కూర్చోబెట్టి, వాణ్ని చూపించి, బయట ఉన్న వెయ్యి మందికి గేటు వేసి ఉంచడం వీళ్లకు బాగా తెలిసిన విద్య. ఆడవాళ్ల సంగతి ఇంకా ఘోరం. షెడ్లలో మైకా ఒలిచినవాళ్లలో ఎందరో ఆడవాళ్లు. భూగర్భ గనుల్లోకి దిగను చట్టం వాళ్లను చాలా ఏళ్లు రానివ్వలేదు. 2019లో సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజిమెంటు పనులకు మాత్రం దారి తెరిచారు. అంటే డిగ్రీ ఉన్న ఆడబిడ్డకు. ఆ డిగ్రీ దాకా వాడ పిల్ల ఎట్టా చేరాలి? ఆ దారి వెయ్యాల్సిన సంఘాలు పతకాలకు డబ్బు కూడబెడుతున్నాయి.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. సభ్యత్వానికి రెండు సంతకాలు తీసెయ్యండి, సర్టిఫికెట్టు చూడండి, అనుభవం చూడండి. మేట్లకు, బ్లాస్టర్లకు, ఫోర్‌మన్లకు కింది తరగతి పెట్టి మెతుకులు విదల్చడం కాదు, ఓటుతో సభ్యత్వం ఇవ్వండి. సదస్సులో ఒక పూట తెలుగులో జరపండి, ఆ పూట మైకు డ్రిల్లర్ల చేతికి ఇవ్వండి. పేపరుకు పనికొచ్చిన మాట ఎవరిదైతే రచయితల్లో వాళ్ల పేరు పెట్టండి. దుమ్మును, చెవుడును, నడుము విరుగుళ్లను సాంకేతిక అంశాలుగా ఒప్పుకోండి. గని పనివాళ్ల పిల్లల్లో దళిత, ఆదివాసీ ఆడపిల్లల చదువుకు మీ పతకాల డబ్బు పెట్టండి. లోహవిద్య చరిత్ర చెప్పే ప్రతిసారీ తవ్వినోణ్ని, బొగ్గు కాల్చినోణ్ని, తిత్తి కుట్టినోణ్ని పేరు పెట్టి చెప్పండి.

విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ సంఘాలు మనకెందుకులే అని పక్కకు తప్పుకోవద్దు. గనుల రూల్సు మార్చేటప్పుడు ఇట్టాంటి సంఘాల మాట కూడా వింటారు. ఏది సురక్షితం, ఏది ఖర్చు దండగ అని చెప్పేది వీళ్లే. మనం లేని గదిలో మన ఊపిరి గురించి తీర్మానం అవుతుంది. సర్టిఫికెట్లు తెచ్చుకోండి. ఫారాలు నింపండి. ఒకళ్లు లోపలికి పోతే ఇద్దరికి సంతకం పెట్టండి, ఆ ఇద్దరూ నలుగురికి. నేను ఇప్పటికి పద్నాలుగు మందికి పెట్టినాను. ఎవరినీ ఊళ్లో ఎక్కడ అని అడగలేదు.

ఆ దుమ్ము పేపరు నా దగ్గరే ఉంది. పదకొండు మందిలో నలుగురు పోయినారు, వాళ్ల కాగితాల మీద కూడా టీబీ అనే ఉంది. రాబోయే సదస్సుకు అదే పేపరు పంపిస్తున్నాను. ఈసారి రచయితల చోట పన్నెండు పేర్లుంటాయి, పోయిన నలుగురి పేర్లు ముందు, నా పేరు చిట్టచివర. తిప్పి పంపితే పన్నెండు మందికీ విడివిడిగా ఉత్తరం రాసి పంపమని కూడా రాసినాను. నలుగురి ఉత్తరాలు ఏ చిరునామాకు పంపుతారో చూస్తాను.